దాడి తరువాత మన సాక్ష్యం

2025 ఏప్రిల్ 22, మంగళవారం నాడు కాశ్మీరులోని పహల్గామ్ సమీపాన, బైసరన్ పచ్చికబయలులో సాయుధులైన దుండగులు 26 మందిని కాల్చి చంపారు. కొత్తగా పెళ్ళయినవారు, భార్యాబిడ్డలతో సెలవులకు వెళ్ళినవారు, ఉద్యోగ విరమణ చేసి నాలుగు ఊళ్ళు చూద్దామని బయలుదేరినవారు ఆ మృతులలో ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు చెప్పినదానిని బట్టి, హంతకులు మతం అడిగి మరీ తుపాకులు పేల్చారు. చనిపోయినవారిలో ఇద్దరు మన ఆంధ్రప్రదేశ్ వారు. ఒకరు విశాఖపట్నానికి చెందిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. మరొకరు కావలి వాస్తవ్యులు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవారు. మా వేటపాలెంలో రైలెక్కి దక్షిణంగా వెళ్తే, ఒంగోలు దాటిన తరువాత వచ్చేదే కావలి. కాశ్మీరు ఎక్కడో దూరాన ఉందనుకొనే మా ప్రాంతపు జనానికి ఆ వారం అది పొరుగూరి కబురైపోయింది.

ఆ రోజులలో వినిపించిన మాటలు మూడు రకాలు. మొదటిది దుఃఖం. చాలామంది మనస్ఫూర్తిగా దుఃఖించారు. రెండవది కోపం. అది హంతకుల మీద మొదలై, క్రమంగా ఇరుగుపొరుగున ఉన్న ముస్లిముల మీదకు మళ్ళింది. మూడవది మన ఇళ్ళలో గుసగుసగా వినిపించినది. “మనకెందుకు, నోరు మూసుకొని ఉండండి” అన్నవారు కొందరు. “ఇదంతా ఎవరో పన్నిన కుట్ర, ముస్లిం ఇలాంటి పని చేయడు” అన్నవారు కొందరు. “ప్రతిసారీ మనమే ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి?” అని నొచ్చుకున్నవారు మరికొందరు. ఇతరుల స్పందనలో లోపాలు ఎంచే ముందు, మన స్పందనను దివ్య ఖుర్ఆన్, సున్నత్‌ల గీటురాయి మీద పరీక్షించుకోవడం మన బాధ్యత అని మేము భావిస్తున్నాము.

మొదటి కర్తవ్యం పరామర్శ

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (స) ముందు నుంచి ఒక శవయాత్ర వెళ్తుండగా ఆయన లేచి నిలబడ్డారు. అది ఒక యూదునిదని సహచరులు గుర్తుచేశారు. అతనిదీ ఒక ప్రాణమే కదా అనే అర్థం వచ్చేలా ఆయన బదులిచ్చారు. బుఖారీ గ్రంథంలో ఉన్న ఈ సంఘటనను మేము మదరసాలో ప్రతి ఏటా బోధిస్తాము. మరణం సంభవించినప్పుడు విశ్వాసి మొదట గౌరవించవలసింది పోయిన ప్రాణాన్ని. ఆ ప్రాణం ఎవరిదన్న ప్రశ్న దాని తరువాతి మాట. ఒక అమాయకుని చంపడం సమస్త మానవాళిని చంపడంతో సమానమని అల్ మాయిదా సూరా 32వ ఆయతు బోధిస్తున్నది. అక్కడ మృతుని మతం ప్రస్తావన లేదు.

పహల్గామ్ సంఘటనలో ఈ బోధనను ఆచరించి చూపినవారు అక్కడి సామాన్య ముస్లిములే. గుర్రాలపై యాత్రికులను తిప్పి జీవనం సాగించే ఒక స్థానిక ముస్లిం, యాత్రికులను కాపాడబోయి తానే ప్రాణాలు కోల్పోయాడు. గాయపడినవారిని గుర్రాల మీద, తమ వీపుల మీద మోసుకొని కొండ దిగినవారు అక్కడి కూలీలు, చిరువ్యాపారులు. మరునాడు కాశ్మీరు లోయ అంతటా దుకాణాలు మూతబడ్డాయి. మస్జిద్‌ల మైకులలో దాడిని నిరసించే ప్రకటనలు వినిపించాయి. అక్కడి దినపత్రికలు మొదటి పేజీలను నల్లగా ముద్రించాయి. ఆ వారపు జుమా రోజున హైదరాబాదు సహా అనేక నగరాలలో నమాజీలు చేతికి నల్లబ్యాడ్జీలు ధరించారు.

కొండ దిగే దారిలో గాయపడిన బిడ్డను మోసుకెళ్తున్న మనిషిని “నీవు ఏ మతస్థుడివి, నీ సంజాయిషీ ఏమిటి?” అని ఎవరూ అడగలేదు. అతడు కూడా “నన్నెందుకు అనుమానిస్తున్నారు?” అని ఆలోచిస్తూ నిలబడలేదు. చేయవలసిన పని కళ్ళ ముందు ఉంది, చేశాడు. పరామర్శ అంటే ఇదే. ఇందులో కేంద్రస్థానం బాధితునిది. మనం భయంతో మౌనం వహించినా, పౌరుషంతో వాదనకు దిగినా, ఆ కేంద్రస్థానంలో బాధితుని తొలగించి మనలను మనం కూర్చోబెట్టుకున్నట్లే.

సంజాయిషీ వేరు, సాక్ష్యం వేరు

పహల్గామ్ దాడి జరిగిన ఆ వారంలో ఒక విద్యార్థి తరగతిలో లేచి, “ఉస్తాద్, చంపినవాడిని మేము చూడలేదు, వాడి ఊరు మాకు తెలియదు. వాడి పాపం మాకెందుకు అంటుతుంది?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఒకరి బరువును మరొకరు మోయరని ఖుర్ఆన్ అనేక చోట్ల స్పష్టం చేసింది. కనుక కావలిలోనో, కాశ్మీరులోనో జరిగిన నేరానికి వేటపాలెం ముస్లిం దోషి కాడు, సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరమూ లేదు.

అయితే అదే గ్రంథంలో మరో ఆజ్ఞ ఉంది. అన్నిసా సూరా 135వ ఆయతు న్యాయానికి సాక్షులుగా నిలబడమని విశ్వాసులను ఆదేశిస్తున్నది. ఆ సాక్ష్యం మనకే వ్యతిరేకంగా ఉన్నా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే వెనుకాడవద్దంటున్నది. సంజాయిషీ అడిగితే ఇచ్చేది. అనుమానం నుంచి తప్పించుకోవడానికి ఇచ్చేది. సాక్ష్యం అడగకపోయినా ఇచ్చేది. అల్లాహ్ ముందు బాధ్యత ఉన్నది కనుక ఇచ్చేది. హంతకుడు మన ధర్మం పేరు చెప్పి హత్య చేసినప్పుడు, “ఈ ధర్మం ఇది కాదు” అని చెప్పవలసినవారు ఆ ధర్మాన్ని ఎరిగినవారే. పొరుగింటి హిందువో, క్రైస్తవుడో ఆ మాట మన తరఫున ఎలా చెప్పగలడు?

ఈ సాక్ష్యం మన ఉలమాలు ఇచ్చారు. 2008 ఫిబ్రవరి 25న దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్‌లో దేశవ్యాప్తంగా మదరసాల ప్రతినిధులు సమావేశమై ఉగ్రవాదాన్ని ఇస్లాంకు విరుద్ధమైనదిగా ప్రకటించారు. ఆ ఏడాది మే నెలాఖరున ఢిల్లీలోని రాంలీలా మైదానంలో ఉగ్రవాదాన్ని ఖండించే ఫత్వాను చదివి వినిపించారు. నవంబరులో హైదరాబాదులో జరిగిన జమీయతె ఉలమాయె హింద్ మహాసభలో వేలాదిమంది ఉలమాలు దానిని బలపరిచారు. ఆ తరువాత మూడు వారాలు తిరగకుండానే ముంబయిపై నవంబరు 26 నాటి దాడి జరిగింది. భద్రతాదళాల చేతిలో హతులైన తొమ్మిదిమంది దుండగులను తమ ఖబ్రస్తాన్‌లో ఖననం చేయడానికి ముంబయి ముస్లిములు అంగీకరించలేదు. ఎవరూ వారిని సంజాయిషీ అడిగి ఆ పని చేయించలేదు.

ఇద్దరు ఖలీఫాల అంతిమ బోధ

దాడి జరిగిన తరువాత సమాజం ఎలా ప్రవర్తించాలన్న ప్రశ్న మన చరిత్రకు కొత్తది కాదు. హిజ్రీ 23వ సంవత్సరంలో మదీనా మస్జిద్‌లో ఫజ్ర్ నమాజు చేయిస్తున్న హజ్రత్ ఉమర్ (రజి)ను అబూ లూలూ ఫీరూజ్ అనే పారశీక బానిస విషపు ఖంజరుతో పొడిచాడు. అతడు ముస్లిం కాడు. మరణశయ్యపై ఉన్న ఖలీఫా, తన తరువాత వచ్చేవారికి చేసిన ఉపదేశంలో ముస్లిమేతర ప్రజల ప్రస్తావన తెచ్చారు. వారితో చేసుకున్న ఒడంబడికను నిలబెట్టాలని, వారిని కాపాడాలని, వారి శక్తికి మించిన భారం మోపరాదని చెప్పారు. తనను పొడిచినవాడు ఎవరో తెలిసిన తరువాతే ఆయన ఈ మాట చెప్పారన్నది గమనార్హం.

కానీ ఆయన కుమారుడు ఉబైదుల్లాహ్ అంత నిబ్బరంగా ఉండలేకపోయాడు. హత్యకు ముందు అబూ లూలూతో మరో ఇద్దరు గుసగుసలాడుతుండగా చూశామని ఎవరో చెప్పారు. ఆ ఒక్క మాటతో అతడు కత్తి పట్టి బయలుదేరాడు. మదీనాలో స్థిరపడి ఇస్లాం స్వీకరించిన పూర్వపు పారశీక సేనాని హుర్ముజాన్‌ను చంపాడు. జుఫైనా అనే క్రైస్తవుని చంపాడు. హంతకుని చిన్న కూతురినీ చంపాడు. విచారణ లేదు, రుజువు లేదు. సహచరులే అతనిని పట్టి నిర్బంధించారు. కొత్తగా ఖలీఫా అయిన హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చిన తొలి వ్యాజ్యాలలో ఇది ఒకటి. ఖలీఫా కుమారుడే అయినా ప్రతీకార శిక్ష తప్పదని హజ్రత్ అలీ (రజి) వాదించారు. చివరకు హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొంత ధనం నుంచి రక్తపరిహారం చెల్లించారని చరిత్రకారులు నమోదు చేశారు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు కోపాన్ని ఆనాటి సమాజం అర్థం చేసుకొని ఉండవచ్చు, కానీ దానిని న్యాయమని పిలవలేదు.

హిజ్రీ 40లో కూఫాలో హజ్రత్ అలీ (రజి)పై కత్తి దూసినవాడు ఇబ్నె ముల్జిమ్. అతడు ఖారిజీ వర్గంవాడు. ఆ వర్గంవారు ఉపవాసాలకు, నమాజులకు, ఖుర్ఆన్ పారాయణానికి పేరుపడినవారు. దెబ్బతిన్న హజ్రత్ అలీ (రజి), పట్టుబడినవానికి అన్నపానీయాలు లోటు చేయవద్దని, తాను మరణిస్తే హంతకునికి ఒక్క దెబ్బకు ఒక్క దెబ్బే శిక్ష అని, శవాన్ని ఛిద్రం చేయరాదని, తన పేరు చెప్పి ఇతరుల రక్తం చిందించవద్దని తన వారిని ఆదేశించారు.

ఈ రెండు ఉదంతాలలో ఒక హంతకుడు ముస్లిమేతరుడు, మరొకడు నమాజీ. శిక్ష మాత్రం రెండు సందర్భాలలోనూ నేరస్తుని గుమ్మం దాటకూడదన్నదే ఆ మహనీయుల తీర్పు. “ముస్లిం ఇలా చేయడు” అని కళ్ళు మూసుకొనేవారికి ఇబ్నె ముల్జిమ్ కథ ఒక హెచ్చరిక. “వాళ్ళంతా అంతే” అనేవారికి హుర్ముజాన్ కథ ఒక హెచ్చరిక.

హైదరాబాదు నేర్పిన పాఠం

తెలుగు నేల మీద ఈ రెండు హెచ్చరికలకూ ఉదాహరణలున్నాయి. 2007 మే 18, జుమా రోజున హైదరాబాదు మక్కా మస్జిద్‌లో బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పులలో మరికొందరు చనిపోయారు. దర్యాప్తు పేరిట పదుల సంఖ్యలో ముస్లిం యువకులను నిర్బంధించారు. వారిపై కేసులు న్యాయస్థానాలలో నిలబడలేదు. తరువాత ప్రభుత్వం వారిలో పలువురికి పరిహారం, సత్ప్రవర్తన ధ్రువపత్రాలు ఇచ్చింది. ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. పేలుడుకు సంబంధించి వేరొక వర్గానికి చెందినవారిపై విచారణ జరిగి, 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం వారినీ నిర్దోషులుగా విడుదల చేసింది. నమాజుకు వెళ్ళి తిరిగిరాని వారి కుటుంబాలకు, జైలులో యౌవనం పోగొట్టుకున్న యువకులకు ఇద్దరికీ జవాబు దొరకలేదు.

అదే సంవత్సరం ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠీలోని గోకుల్ చాట్ వద్ద బాంబులు పేలి 40 మందికి పైగా మరణించారు. వారిలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు కూడా ఉన్నారు. ఈ కేసులో 2018 సెప్టెంబరులో ఇద్దరికి మరణశిక్ష పడింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ళ కేసులో ఐదుగురికి 2016లో మరణశిక్ష విధించగా, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దానిని ధ్రువీకరించింది. ఈ రెండు కేసులలో శిక్షపడినవారు ముస్లిం పేర్లు గలవారే.

మన సభలలో మొదటి ఉదంతం మాత్రమే చెబుతుంటారు. మరికొన్ని సభలలో రెండవది మాత్రమే చెబుతుంటారు. ఇష్టమైన సగం చెప్పి కష్టమైన సగం దాచడం అన్నిసా సూరా కోరిన సాక్ష్యం కాదు. నిర్దోషులైన మన యువకుల కన్నీటిని గురించి మాట్లాడే హక్కు మనకు ఉన్నది. కానీ గోకుల్ చాట్ దగ్గర కుప్పకూలినవారి గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడినప్పుడే వినేవారి మనసులో ఆ హక్కుకు విలువ దక్కుతుంది. అన్యాయం చేసిన సోదరునికి కూడా సాయం చేయమని, అతని చేతిని పట్టి ఆపడమే ఆ సాయమని దైవప్రవక్త (స) బోధించారు కదా!

పేరును చూసి శిక్ష

పహల్గామ్ దాడి, దాని వెంట వచ్చిన సైనిక ఘర్షణ జరిగిన రోజులలో విశాఖపట్నంలో, హైదరాబాదులో కొందరు కరాచీ బేకరీ మీదకు వెళ్ళారు. పేరు మార్చాలని నినాదాలు చేశారు. 2025 మే నెలలో శంషాబాదు శాఖపై దాడి చేసి బోర్డును ధ్వంసం చేశారు. ఆ బేకరీని 1953లో హైదరాబాదులో స్థాపించినది ఒక సింధీ హిందూ కుటుంబం. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదులుకొని వచ్చిన శరణార్థులు, పోగొట్టుకున్న ఊరి పేరును దుకాణానికి పెట్టుకున్నారు. తాము భారతీయులమేనని చూపడానికి వారు దుకాణాల ముందు మువ్వన్నెల జెండాలు కట్టుకోవలసి వచ్చింది. గుడ్డి కోపం పేరును మాత్రమే చదువుతుంది. ఈరోజు ముస్లిం పేరును చదివిన ఆ కోపం రేపు హిందువు దుకాణం బోర్డునూ చదువుతుంది. ఉత్తరాది పట్టణాలలో చదువుకుంటున్న కాశ్మీరీ విద్యార్థులను బెదిరించినదీ ఆ కోపమే.

పెళ్ళయిన వారం రోజులలోపే పహల్గామ్‌లో భర్తను పోగొట్టుకున్న ఒక నౌకాదళ అధికారి భార్య, ముస్లిముల మీద, కాశ్మీరీల మీద ద్వేషం పెంచుకోవద్దని, తమకు న్యాయం కావాలని బహిరంగంగా కోరింది. ఆ మాటకు ఆమెను సామాజిక మాధ్యమాలలో దూషించినవారున్నారు. జాతీయ మహిళా కమిషన్ దానిని ఖండించవలసి వచ్చింది. ఒక జనసమూహం పట్ల ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదన్న అల్ మాయిదా సూరా 8వ ఆయతు బోధనను, ఆ సోదరి తన జీవితపు అతి కఠినమైన వారంలో ఆచరించింది. ఆమె మన ధర్మానికి చెందినవారు కాకపోవచ్చు. ఆమె నుంచి మనం నేర్చుకోవలసినది మాత్రం ఉన్నది.

మన ఊళ్ళలో ఏమి చేయాలి?

వేటపాలెం జీడిపప్పుకు, చేనేతకు పేరుపొందిన ఊరు. జీడిగింజలు కాల్చే చోట, పప్పు ఒలిచే చోట, మగ్గాల దగ్గర, బట్టల దుకాణాలలో ఒకరి పని మరొకరి పనితో ముడిపడి ఉంటుంది. ఇలాంటి ఊళ్ళలో అపనమ్మకం పుడితే మొదట దెబ్బతినేది రోజుకూలీ. కనుక పెద్ద నగరాల సభలకంటే ఇక్కడ మనం చేసే చిన్న పనులకు ఎక్కువ ప్రభావం ఉంటుంది.

మొదటిది, వార్తను పరీక్షించడం. తెచ్చినవాడెవడో చూసి వార్తను నిర్ధారించుకోమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు చెబుతున్నది. భయాన్ని, భద్రతను గురించిన కబుర్లను ఊరంతా చాటకుండా బాధ్యులైనవారికి చేరవేయాలని అన్నిసా సూరా 83వ ఆయతు నేర్పుతున్నది. ఫోనులో వచ్చిన దృశ్యం ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో తెలియకుండా మరొకరికి పంపడం ఈ రెండు ఆజ్ఞలకూ విరుద్ధం. మా ఊరిలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉన్నది. పాత పత్రికలను తరతరాలుగా భద్రపరచిన చోటు అది. జరిగినదాన్ని జరిగినట్లు దాచుకోవడం ఒక ఊరికి గౌరవమైతే, జరగనిదాన్ని జరిగినట్లు చాటడం అదే ఊరికి అవమానం. మన పిల్లలను అటువంటి గ్రంథాలయాల వైపు నడిపిద్దాం.

రెండవది, జుమా ప్రసంగం తెలుగులో కూడా ఉండాలి. దాడిని మనం ఎంత గట్టిగా ఖండించినా ఉర్దూలో మాత్రమే ఖండిస్తే గోడ అవతల ఉన్న పొరుగువారికి అది చేరదు. మన యువకులలో కూడా చాలామందికి తెలుగే బాగా అర్థమవుతుంది. ఖుత్బాకు ముందు చేసే బయాన్‌ను తెలుగులో చేయడానికి ఏ ఆటంకమూ లేదు.

మూడవది, పరామర్శకు వెళ్ళడం. దాడిలో మరణించినవారి కుటుంబం మన జిల్లాలోనో, పక్క జిల్లాలోనో ఉంటే మస్జిద్ కమిటీ నుంచి నలుగురు పెద్దలు వెళ్ళాలి. ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకొని వెళ్ళవద్దు. ఇస్లాం గురించి ఉపన్యసించవద్దు. వారి దుఃఖాన్ని విని, చేయగలిగిన సాయం అడిగి రావాలి. గాయపడినవారికి రక్తం అవసరమైతే మన యువకులు ముందుండాలి.

నాలుగవది తల్లుల బాధ్యత. దాడి జరిగిన మరునాడు బడిలో మన బిడ్డను ఎవరైనా వెక్కిరిస్తే, ఆ సంగతి ఉపాధ్యాయునికి మర్యాదగా తెలియజేయండి. తిరిగి తిట్టమని మాత్రం నేర్పకండి. చనిపోయినవారి కోసం ఆ రాత్రి ఇంట్లో అందరూ కలిసి బాధపడిన సంగతి బిడ్డకు తెలిస్తే, బడిలో ఏమి చెప్పాలో బిడ్డకే తెలుస్తుంది. బిడ్డ ఫోనులో ద్వేషాన్ని, ప్రతీకారాన్ని పొగిడే ప్రసంగాలు వింటున్నట్లు గమనిస్తే ఊరుకోవద్దు. వెంటనే పెద్దలతో, నమ్మదగిన ఆలింతో మాట్లాడండి.

ఐదవది చట్టం విషయం. నేరానికి సంబంధించిన సమాచారం తెలిస్తే పోలీసులకు తెలియజేయడం మన ధార్మిక బాధ్యత. అదే సమయంలో నిర్దోషిని పట్టుకున్నారని తెలిస్తే న్యాయవాదిని ఏర్పాటు చేయడమూ మన బాధ్యతే. ఈ రెండూ న్యాయం అనే ఒకే ఆజ్ఞ కిందికి వస్తాయి.

పొరుగు సోదరులకు కూడా ఒక మనవి. పండుగల ముందు మాత్రమే శాంతి సంఘం సమావేశాలు పెట్టుకొనే అలవాటు మన ఊళ్ళలో ఉన్నది. ఏ గొడవా లేని రోజులలో కూడా కలుసుకుందాం. ముఖపరిచయం ఉన్న మనిషిని అనుమానించడం కష్టం. దాడి జరిగిన రోజున మీ ముస్లిం మిత్రునికి ఫోను చేయండి. అతనిని వివరణ అడగవద్దు. మీకు ఎంత బాధ కలిగిందో చెప్పండి, అతనికి ఎంత బాధ కలిగిందో వినండి.

ముస్లిముల సంరక్షణలో ఉన్న ముస్లిమేతరుని చంపినవాడు స్వర్గపు సువాసనకు కూడా నోచుకోడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ సువాసన నలభై సంవత్సరాల ప్రయాణమంత దూరానికి వ్యాపిస్తుందని కూడా ఆయన తెలిపారు. అంత దూరాన ఉన్నవానికి అందే సువాసన కూడా ఆ హంతకునికి అందదు. ఈ హదీసును మన పిల్లలకు చిన్ననాటనే నేర్పుదాం. పహల్గామ్‌లో, హైదరాబాదులో, మరెక్కడైనా అన్యాయంగా ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు అల్లాహ్ సహనాన్ని ప్రసాదించుగాక! మన ఊళ్ళను ద్వేషం నుంచి, అసత్యం నుంచి కాపాడి, మనకు వ్యతిరేకమైన వేళ కూడా న్యాయానికి సాక్షులుగా నిలబడే బలాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.